నోటరీపై ఫిర్యాదు వస్తే దర్యాప్తు ఏ దారిన సాగాలి? రిజిస్ట్రేషన్ శాఖకు, పోలీసులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ కమిషనర్, ఇన్‌స్పెక్టర్ జనరల్ గారికి, న్యాయశాఖ కార్యదర్శి గారికి, వరంగల్ పోలీస్ కమిషనర్ గారికి,

నమస్కారం.

హనుమకొండ, వరంగల్, జనగామ, భూపాలపల్లి, కరీంనగర్ కోర్టుల పరిధిలో నోటరీలుగా, న్యాయవాదులుగా పనిచేస్తున్న కొందరం ఈ ఉత్తరం రాస్తున్నాం. భూమి తగాదాలో దొంగ కాగితం ఒకటి బయటపడగానే, దానిమీద ముద్ర ఉన్న నోటరీ పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఏ-4గానో ఏ-5గానో (నాలుగో, ఐదో నిందితుడిగా) చేరిపోతోంది. ఆ తర్వాత జరిగేది రెండే. తప్పేమీ చేయని నోటరీ బెయిలు, వాయిదాలంటూ ఏళ్ల తరబడి తిరుగుతాడు. నిజంగా తప్పు చేసినవాడు 1952 నోటరీల చట్టం 13వ సెక్షన్ పట్టుకుని హైకోర్టుకు పోయి కేసు కొట్టేయించుకుని, మళ్లీ అదే బల్ల దగ్గర అదే ముద్రతో కూర్చుంటాడు. రెంటికీ మూలం ఒక్కటే. 13వ సెక్షన్ కోరే ఫిర్యాదు, ఆ సెక్షన్ చెప్పే అధికారి చేతి నుంచి రావడం లేదు. ఆ లోటు పూడ్చండని అడుగుతున్నాం. నోటరీల మీద కేసులే పెట్టొద్దని మాత్రం అడగడం లేదు.

ఆ సెక్షన్‌లో ఉన్నది రెండు మూడు వాక్యాలే. నోటరీ తన విధి నిర్వహణలో గానీ, విధి పేరు చెప్పుకుని గానీ చేసిన నేరాన్ని ఏ కోర్టూ తనంతట విచారణకు తీసుకోకూడదు. కేంద్రమో రాష్ట్రమో సాధారణ ఉత్తర్వుతో గానీ ప్రత్యేక ఉత్తర్వుతో గానీ అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే తీసుకోవాలి. ఇది ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో తెచ్చే ప్రాసిక్యూషన్ అనుమతి లాంటిది కాదు. అనుమతి పత్రం తెప్పించి ఛార్జిషీటుకు జతచేస్తే పని అయిపోదు. ఆ అధికారే ఫిర్యాదుదారుగా మేజిస్ట్రేటు ముందుకు రావాలి. పోలీసులు దాఖలు చేసే ఛార్జిషీటు చట్టం దృష్టిలో ఫిర్యాదు కిందికి రాదు. బాధితుడు నేరుగా కోర్టులో వేసుకునే ప్రైవేటు కంప్లయింటుకూ ఇదే అడ్డు. దర్యాప్తు ఎంత గట్టిగా చేసినా, సాక్ష్యం ఎంత బలంగా ఉన్నా, ఈ ఒక్క మెట్టు దాటకపోతే నోటరీ మీది కేసు నిలబడదు. హైకోర్టుల్లో కేసులు కొట్టేసిన తీర్పులు ఎక్కువగా ఈ మెట్టు దగ్గర తప్పినవే.

దీన్ని మా వాళ్లలో కొందరు అతిగా వాడుకుంటున్నారన్నదీ నిజమే. ‘నోటరీ మీద ఎఫ్‌ఐఆరే చెల్లదు’ అని ఠాణాలో దబాయించేవాళ్లున్నారు. అది తప్పు. సెక్షన్ అడ్డుపడేది కోర్టు కేసును స్వీకరించడానికే తప్ప పోలీసు దర్యాప్తుకు కాదు. కోర్టుకు సంబంధించిన నేరాల విషయంలో ఇలాంటి అడ్డే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 195వ సెక్షన్‌లో ఉండేది. ఆ అడ్డు దర్యాప్తు అధికారాన్ని తీసేయదని సుప్రీంకోర్టు 1998లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ రాజ్‌సింగ్ కేసులో తేల్చింది. కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి తీర్పు చెప్పింది. కాబట్టి ఎస్‌హెచ్‌ఓ (ఠాణా అధికారి) ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు, సాక్ష్యం సేకరించొచ్చు. నోటరీ పాత్ర ఉందని తేలిన చోట మాత్రం దారి చీలాలి. మిగతా నిందితుల మీద మామూలుగా ఛార్జిషీటు వెళ్లాలి. నోటరీకి సంబంధించిన భాగం, సాక్ష్యాల నకళ్లతో సహా, అధికారం ఉన్న అధికారికి నివేదికగా వెళ్లాలి. ఆయన చదివి, నిలబడుతుందనుకుంటే మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయాలి. ప్రభుత్వ అధికారి హోదాలో రాతపూర్వకంగా ఇచ్చే ఫిర్యాదు కాబట్టి ఆయన్ను ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవాల్సిన పని కూడా ఉండదు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 223వ సెక్షన్ ప్రకారం కేసు స్వీకరించే ముందు నిందితుడి మాట వినాలి. నోటరీకి అక్కడే ఒక అవకాశం దొరుకుతుంది. ఆ దశలోనే తేలిపోయే కేసులు చాలా ఉంటాయని మా అంచనా.

13వ సెక్షన్ అన్నిటికీ కప్పే గొడుగు కూడా కాదు. ముద్ర, సంతకం, ప్రమాణం చేయించడం, రిజిస్టరు రాయడం వంటి పనుల్లో నేరం ఉంటే ఆ సెక్షన్ వర్తిస్తుంది. నోటరీ స్వయంగా ప్లాటు అమ్మకంలో వాటాదారై, బయానా సొమ్ము తన ఖాతాలో వేయించుకుంటే అది నోటరీ పని కాదు, దానికి ఈ రక్షణ లేదు. కాలం తీరిన ముద్రను వాడుకునేవాడికీ, నోటరీ కాకుండానే నోటరీనని చెప్పుకునేవాడికీ లేదు. అలాంటివాడి కోసం చట్టంలో 12వ సెక్షన్ వేరే ఉంది.

దర్యాప్తు అధికారులకు మేం చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. నోటరీ ముద్ర దేనికి హామీ? ఫలానా మనిషి ఫలానా రోజున నా ముందుకు వచ్చాడు, తానెవరో చూపించాడు, నా ఎదుట సంతకం పెట్టాడు, అఫిడవిట్ అయితే ప్రమాణం చేశాడు. అంతవరకే. ఆ కాగితంలో ‘సర్వే నంబరు ఫలానాలో రెండెకరాలు నాకు మా తాత నుంచి సంక్రమించింది’ అని రాసి ఉంటే, అది నిజమా అబద్ధమా అన్నదానికి నోటరీ పూచీ లేదు. అబద్ధపు అఫిడవిట్ ఇచ్చినందుకు శిక్ష అనుభవించాల్సింది దాని మీద సంతకం పెట్టినవాడు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే నోటరీల పేర్లు అన్ని ఎఫ్‌ఐఆర్‌లలోకీ ఎక్కుతున్నాయి.

కాబట్టి నోటరీ విషయంలో వేయాల్సిన ప్రశ్నలు రెండు. మనిషి వచ్చాడా లేదా? వచ్చినవాడు అసలు మనిషేనా? ఈ రెంటినీ కలిపేయకూడదు. ఎవడో ఒకడు మార్ఫింగ్ చేసిన ఆధార్ పట్టుకుని, అసలు పట్టాదారు పేరుతో వచ్చి వేలిముద్ర వేసి పోతే నోటరీ మోసపోయినవాడు. అతని రిజిస్టరులో ఆ దొంగ వేలిముద్ర, సంతకం ఉంటాయి. ఆ కేసు మొత్తానికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు. అదే నోటరీని నిందితుడిగా చేరిస్తే, రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం తనకు వ్యతిరేకంగా చెప్పమని అతన్ని బలవంతపెట్టలేరు. చేతిలో ఉన్న మొదటి సాక్షిని పోలీసులే పోగొట్టుకున్నట్టు. బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద సాక్షిగా నోటీసు ఇచ్చి, 180 కింద వాంగ్మూలం తీసుకుంటే కేసు బలపడుతుంది.

మనిషి రానే లేదంటే సంగతి వేరు. సంతకం పెట్టినట్టున్నవాడు ఆ తేదీకి దుబాయ్‌లో ఉన్నాడనో, అప్పటికే చనిపోయాడనో పాస్‌పోర్టు ముద్రో మరణ ధ్రువపత్రమో చెబుతుంటే నోటరీ జవాబు చెప్పాల్సిందే. టైపిస్టు చేతికో ఏజెంటు చేతికో కాగితాల కట్ట ఇచ్చి పంపితే మనిషిని చూడకుండా ముద్ర కొట్టే అలవాటు కోర్టుల చుట్టుపక్కల ఉందని అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో భగవాన్ సింగ్ కేసులో, తన పేరుతో సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్లిందని పిటిషనర్‌కే తెలియదని బయటపడితే, ఆ కోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అందులో నోటరీ చేసిన ధ్రువీకరణ కూడా ప్రశ్నకు వచ్చింది.

కాగితం పాతదా, పాత తేదీతో కొత్తగా పుట్టిందా అన్నది మన ప్రాంతంలో ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పట్టణాల్లో నోటరీ కాగితాల మీద చేతులు మారిన వ్యవసాయేతర స్థలాలను క్రమబద్ధం చేసుకోవడానికి 2023 జులైలో జీవో 84 వచ్చింది. 125 గజాల లోపు స్థలానికి స్టాంపు డ్యూటీ కూడా లేదన్నారు. సాదాబైనామాల (తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు పత్రాల) సంగతీ అంతే. 2014 జూన్ 2కు ముందు రాసుకున్నవాటికే దారి ఉంది. పాత తేదీకి ధర పలికినప్పుడు పాత తేదీ కాగితాలు కొత్తగా తయారవడం వింత కాదు. వాటిని పట్టుకోవడానికి ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నివేదిక కోసం నెలలు ఎదురు చూడనక్కర్లేదు. చాలావరకు బల్ల మీదనే తేలిపోతుంది.

ముద్ర చూడండి. 1956 నోటరీల నియమాల ప్రకారం అది ఐదు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ముద్ర. అందులో నోటరీ పేరు, పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. రాష్ట్రం నియమించిన నోటరీ ముద్రలో తెలంగాణ ప్రభుత్వం అని ఉండి, కాగితం మీద తేదీ 2013 అని ఉంటే ఇంకేం అడగాలి? ‘వరంగల్ అర్బన్ జిల్లా’ అనే పేరు 2016 అక్టోబరులో పుట్టి 2021 ఆగస్టులో పోయింది. ఆ తర్వాతనే హనుమకొండ జిల్లా. ములుగు జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో. 2012 తేదీ వేసిన అగ్రిమెంటులో ‘హనుమకొండ జిల్లా’ అని టైపు అయి ఉండటం, ఆధార్ ఇంకా మొదలు కాని 2008 నాటి కాగితంలో ఆధార్ నంబరు కనిపించడం లాంటివి వెతికితే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. రాష్ట్రం విడిపోయాక కొన్నాళ్లు పాత ముద్రలే వాడినవాళ్లు ఉండొచ్చు. కాబట్టి 2014 జూన్ తర్వాతి కాగితం మీద పాత పేరు ఉన్నంత మాత్రాన అది దొంగది కాదు.

తర్వాత రిజిస్టరు. ప్రతి నోటరీ పదిహేనో నంబరు ఫారంలో రిజిస్టరు రాయాలి. రిజిస్టరు వాడకానికి తెచ్చేముందే మొదటి పేజీలో మొత్తం ఎన్ని పేజీలున్నాయో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ సంఖ్యకూ ఇప్పుడున్న పేజీలకూ తేడా వస్తే పేజీ చింపారన్నమాట. అనుమానం ఉన్న వరుస నంబరుకు ముందు పది, వెనక పది నమోదులు చూడాలి. మధ్యలో ఖాళీ వదిలి తర్వాత నింపినది సిరా రంగులోనూ, ఇరికించి రాసిన అక్షరాల్లోనూ పట్టిస్తుంది. ‘214ఏ’ లాంటి నంబరు కనిపిస్తే గట్టిగా అడగాలి. తీసుకున్న ఫీజుకు రశీదు ఇవ్వాలన్నదీ, ఫీజుల లెక్కకు వేరే రిజిస్టరు ఉంచాలన్నదీ నియమమే. ఏటా జనవరి మొదటి వారంలో కిందటేడు చేసిన పనుల వివరం పద్నాలుగో ఫారంలో ప్రభుత్వానికి పంపాలి. రిజిస్టరులో ఏడాది చివరి నంబరుకూ, ఫీజు లెక్కకూ, పంపిన వివరానికీ పొంతన ఉందో లేదో పోల్చడానికి ఒక పూట చాలు. ఇక స్టాంపు కాగితం వెనక వెండర్ రాసిన నంబరు, తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. ఆ వెండర్ రిజిస్టరు తెప్పించండి. ఆ కాగితం వెండరుకు ఎప్పుడు చేరిందో రిజిస్ట్రేషన్ శాఖ రికార్డులోనే దొరుకుతుంది. నోటరీ తేదీ కన్నా తర్వాత అమ్మిన స్టాంపు కాగితం అయితే దర్యాప్తు సగం ముగిసినట్టే.

రిజిస్టరు ఎత్తుకుపోవడం గురించి కూడా చెప్పాలి. రాయడం నడుస్తున్న రిజిస్టరును ఠాణాకు పట్టుకుపోతే ఆ నోటరీ పని ఆ రోజుతో ఆగిపోతుంది. అందులో సంబంధం లేని వందలాది మంది వివరాలుంటాయి. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద నోటీసు ఇచ్చి, కావలసిన పేజీల ధ్రువీకరించిన నకళ్లు తీసుకుంటే దర్యాప్తుకు సరిపోతుంది. దిద్దారన్న అనుమానం ఉండి అసలు పుస్తకమే ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపాల్సి వస్తే, 105 ప్రకారం వీడియో తీస్తూ, పంచనామాలో పేజీల సంఖ్య, చివరి వరుస నంబరు రాసి, వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. చివరి నంబరు రాయకపోతే, రిజిస్టరు తిరిగి వచ్చాక దానిలో ఏది ఎప్పుడు చేరిందో చెప్పేవాళ్లుండరు. ఆ లోపం అసలు దొంగకే ఉపయోగపడుతుంది.

సెక్షన్ల విషయం ఒకటి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ (పాత శిక్షాస్మృతి), ఆ తర్వాతదైతే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వర్తిస్తాయి. పాత కాగితాల కేసుల్లో మోసం, ఫోర్జరీలకు సంబంధించిన ఐపీసీ 420, 468, 471తో పాటు విలువైన దస్తావేజు ఫోర్జరీకి ఉన్న 467 కూడా అలవాటుగా రాసేస్తున్నారు. ఇప్పటి లెక్కలో అది బీఎన్‌ఎస్ 338. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి, ఏడేళ్లలోపు శిక్షపడే నేరాలకు అరెస్టుకు బదులు ముందు నోటీసు ఇచ్చే పద్ధతి దాంతో పక్కకు పోతుంది. ఆస్తి మీద హక్కు పుట్టించే దస్తావేజు ఫోర్జరీ అయితే ఆ సెక్షన్ సరే. ఉట్టి అఫిడవిట్‌కు దాన్ని తగిలించడంలో అర్థం లేదు. అఫిడవిట్‌తో ఎవరికీ హక్కు రాదు, పోదు.

ఇప్పుడు శాఖ వైపు పని. క్రిమినల్ కేసు ఉన్నా లేకపోయినా, నోటరీ దుష్ప్రవర్తన మీద విచారణ జరిపే అధికారం ప్రభుత్వానికి చట్టం 10వ సెక్షన్, నియమాల్లోని 13వ నియమం ఇచ్చాయి. (సెక్షన్ 13 వేరు, నియమం 13 వేరు. అర్జీల్లో ఇవి తరచూ తారుమారవుతున్నాయి.) ఫిర్యాదు పదమూడో ఫారంలో ఉండాలి. నోటరీ ఏం చేశాడు, ఏం చేయాల్సి ఉండి చేయలేదు, దానికి ఆధారమేంటి అన్నవి అందులో ఉండాలి. లేకపోతే సరిచేసి పంపమని వెనక్కి ఇస్తారు. ఫిర్యాదు అందిన అరవై రోజుల్లోపు మామూలుగా దాని నకలు నోటరీకి పంపాలి. అందిన పద్నాలుగు రోజుల్లో నోటరీ రాతపూర్వకంగా జవాబివ్వొచ్చు, గడువు పెంచే వీలుంది. జవాబు చూశాక ప్రాథమికంగా విషయం ఉందనిపిస్తే సంబంధిత అధికారి చేత విచారణ, లేదనిపిస్తే అక్కడితో ముగింపు, ఆ సంగతి ఇద్దరికీ తెలియజేయడం. దుష్ప్రవర్తన తేలితే సర్టిఫికెట్ రద్దు చేసి శాశ్వతంగా నిషేధించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, హెచ్చరించి వదలవచ్చు. ప్రభుత్వం తనంతట తానుగా కూడా విచారణ మొదలుపెట్టొచ్చు. జిల్లా జడ్జి గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఏడాదికి రెండుసార్లకు మించకుండా రిజిస్టరు తనిఖీ చేసి నివేదిక పంపొచ్చు. ఇంత పద్ధతి చేతిలో ఉండగా, అర్జీ పెట్టుకున్న మనిషిని ‘పోలీస్ స్టేషన్‌కు పో’ అనడం, ఠాణాలో ‘రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పో’ అనడం ఎందుకు?

రెన్యువల్ విషయంలో శాఖ వల్లనే ఒక చిక్కు వస్తోంది. సర్టిఫికెట్ ఐదేళ్లకే. గడువుకు ముందే దరఖాస్తు పెట్టినా ఫైలు కదలకపోతే, మధ్యలో చేసిన పని ‘సర్టిఫికెట్ లేకుండా చేసింది’ అవుతుంది. 9వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. అందువల్ల ఆ రోజుల్లో ముద్ర ముట్టకూడదనే మేం మా వాళ్లకు చెబుతాం. ఆ ఖాళీ శాఖ ఆలస్యం వల్ల రాకూడదు. దరఖాస్తు అందినట్టు తేదీతో రశీదు ఇవ్వండి, గడువు దాటక ముందే ఏదో ఒకటి తేల్చండి.

మా వృత్తి వైపు కూడా ఊడ్చుకోవాల్సింది ఉంది. పెళ్లి, విడాకుల కాగితాలు నోటరీ చేయించుకుంటే చెల్లుతాయని జనాన్ని నమ్మించడం ఇంకా ఆగలేదు. నోటరీలకు ఆ అధికారం లేదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని తెలిసీ, సేల్ డీడ్ అని రాసిన కాగితానికి ముద్ర కొట్టడం మోసానికి తలుపు తెరవడమే. వీటి మీద నియమం 13 కింద శాఖ తనంతట విచారణ మొదలుపెడితే మేం అడ్డు చెప్పం.

మేం కోరేది ఇది. 13వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే అధికారిని జిల్లాల వారీగా హోదాతో పేర్కొంటూ సాధారణ ఉత్తర్వు ఇవ్వండి. ఇప్పటికే ఉంటే దాన్ని ప్రతి ఠాణాకు, ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, మేజిస్ట్రేటు కోర్టులకు పంపండి. 2022 జూన్ 2న 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి. వరంగల్ పోలీస్ కమిషనరేట్ మాత్రం హనుమకొండ, వరంగల్, జనగామ మూడు జిల్లాలకు ఒక్కటే. పాత ఉమ్మడి జిల్లా కాలంలో ముద్ర పడిన కాగితం మీద వచ్చే ఫిర్యాదుకు ఏ జిల్లా అధికారి బాధ్యుడో ఆ ఉత్తర్వులోనే రాయండి. లేకపోతే జనగామ ఫైలు హనుమకొండలో, హనుమకొండ ఫైలు జనగామలో ఆగుతుంది. పోలీసు నివేదిక అందాక ఆ అధికారి ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేయాలో, చేయనంటే కారణం ఎన్ని రోజుల్లో రాయాలో గడువు పెట్టండి. అరవై రోజులు చాలని మా అభిప్రాయం. కమిషనర్ గారు తమ పరిధిలోని ఎస్‌హెచ్‌ఓలకు ఒక సర్క్యులర్ ఇస్తే మేలు. నోటరీని నిందితుల జాబితాలో చేర్చే ముందు రిజిస్టరు నకళ్లు, స్టాంపు వెండర్ రికార్డు, ఆ తేదీన సంతకందారు ఎక్కడున్నాడన్న ఆధారం, ఈ మూడూ కేస్ డైరీలో ఉండాలని అందులో చెప్పండి.

రిజిస్టరు తనిఖీలకు మేం సిద్ధం. వచ్చే జనవరిలో మేం పంపే వివరాలను ఆధారం చేసుకుని మా రిజిస్టర్లతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల కోర్టుల్లో పనిచేస్తున్న కొందరు నోటరీలు, న్యాయవాదులు